మూడు సున్నపు బొట్ల కాగు

బి.హెచ్.సి. పొడి వాసన తగిలితే నాకు మా బాపు గుర్తుకు వస్తాడు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదని తెలుసు. పాత గోనెసంచికి బూజు పట్టినట్టు ఉండే వాసన అది. డిగ్రీ రెండో సంవత్సరంలో మా కెమిస్ట్రీ మేడం ఒక సీసా మూత తీసి, "బెంజీన్ హెక్సాక్లోరైడ్. వాసన గమనించండి, దగ్గరగా పీల్చకండి" అన్నప్పుడు మిగతా అమ్మాయిలంతా ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ఇంటికి వెళ్ళాలనిపించింది.

బెంజీన్ మొండి పదార్థం. క్లోరిన్‌ను దాని దగ్గరికి పంపాలంటే మధ్యలో ఇనుప రజను పెట్టాలి. అప్పుడు కూడా ఒక హైడ్రోజన్‌ను వదిలి, దాని చోట ఒక క్లోరిన్‌ను కూర్చోబెట్టుకుంటుంది, అంతే. అదే ఎండలో పెట్టి క్లోరిన్ పంపితే ఆరు కార్బన్లూ తలా ఒక క్లోరిన్‌ను పట్టుకుంటాయి. మా ఊరి ఎండ తెలిసిన నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. ఆ ఎండలో ఎవరైనా ఏదైనా చేస్తారు. అలా తయారైన పొడి నీళ్ళలో కరగదు. నూనెలో, నెయ్యిలో, కొవ్వులో కరుగుతుంది. పురుగు ఒంటి మీద మైనం లాంటి పూత ఉంటుంది కాబట్టి అందులోనూ కరిగి లోపలికి పోతుంది, పురుగు చస్తుంది. పరీక్షకు వచ్చేది ఇంతవరకే. ఇదంతా నేను శుభ్రంగా బట్టీపట్టాను. మా ఇంట్లో నెయ్యి ఉందని గానీ, మా ఒంట్లో కొవ్వు ఉందని గానీ నాకు తట్టలేదు.

మాది నెల్లికుదురు దగ్గర ఒక ఊరు. నా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు వచ్చి ఇళ్ళ గోడలకు డి.డి.టి. కొట్టి, గుమ్మం పక్కన ఏవో అంకెలు రాసి పోయారు. వారం రోజులు ఈగలు నేల మీద వడ్లు ఆరబోసినట్టు పడ్డాయి. అది చూసి బాపు తెల్ల పొడికి జీవితాంతం భక్తుడైపోయాడు. తర్వాత పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు పంటల మీద చల్లమని బి.హెచ్.సి. పొడి ఇచ్చారు. బాపు పంటల దగ్గర ఆగలేదు. పల్చటి గుడ్డలో మూట కట్టి, మిరప చెట్ల మీద ఎట్లా దులిపేవాడో అట్లాగే మంచాల మీద నల్లుల కోసం దులిపేవాడు. కోళ్ళ గూట్లో, బర్రెల మీద, కుక్క మీద, చీమల పుట్టలో దులిపేవాడు. ఒకసారి పేలు పడ్డాయని అక్క తలలోనూ నా తలలోనూ దులిపాడు. పేలు పోయాయి, మేం పోలేదు. మందు పనితనానికీ మా గట్టితనానికీ రెండింటికీ అదే రుజువని ఆయన ఊరంతా చెప్పాడు.

సంచి మీద పుర్రె బొమ్మ ఉందని నేను చూపించాను.

"గా బొమ్మ పురుగులకు ఏసిండ్రు బిడ్డా. మనకైతె అచ్చరాలు రాస్తరు గని బొమ్మలెందుకేస్తరు?" అన్నాడు.

అక్షరాలు కూడా ఉన్నాయి, కానీ ఇంగ్లీషులో ఉన్నాయి. బాపు వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఊర్లో ఎవరింటికి పోయినా ఒక డబ్బాడు పొడి పట్టుకుని పోయేవాడు. ఒకరింటికి ఉత్త చేతులతో పోవడం మర్యాద కాదని ఆయన పట్టింపు. కొన్నేళ్ళలో మా ఊర్లో ఆ పొడి లేని ఇల్లు లేకుండా పోయింది. ఊరంతా ఒకే వాసన కాబట్టి ఎవరికీ వాసన రాలేదు.

పొడి విషయంలో ఆయనకు ఎదురు చెప్పగల మనిషి ఒక్కతే, మా అవ్వ. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అవ్వ ఎదురు చెప్పేది కాదు. ఊరికే తల ఊపేది. తల ఊపితే ఒప్పుకున్నట్టని బాపు అనుకునేవాడు. అది ఆయన పొరపాటు, మా అందరి పొరపాటు కూడా.

అవ్వ పుట్టినిల్లు చిట్యాల దగ్గర. పెళ్ళై వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒడిబియ్యంలో ఒక గుప్పెడు కంది విత్తనాలు కలిపి పంపిందట. ఆ గుప్పెడును అవ్వ ఏటా వేసి, ఏటా దాచి, మా ఇంటి విత్తనం చేసింది. ఆ కందికి పేరు లేదు. మేం "అవ్వ కంది" అనేవాళ్ళం. తర్వాత బాపు సమితి వాళ్ళిచ్చిన కొత్త కంది చేనంతా వేశాడు. అవ్వకు చివర ఒక మడి మిగిలింది. ఆ మడిలో పండినదంతా తిండికి ఇవ్వకుండా మళ్ళీ విత్తనాల కాగులో పోసేది. "ఎన్నటికైనా శేనంత నాదే ఏస్తడు" అని మాతో అనేది. రెండేళ్ళకు కాగు నిండింది.

కాగు అంటే పెద్ద కుండ. మా సామాన్ల అర్రలో కందులకు నాలుగు కాగులు ఉండేవి. మూడు తిండికి, ఒకటి విత్తనానికి. నాలుగూ ఒకే కుమ్మరి చేసినవి, ఒకే తీరుగా ఉండేవి. కందులకు ఎర్రమన్ను పూసి ఎండబెట్టి దాచేవాళ్ళు కాబట్టి లోపలి గింజలూ ఒకే రంగు. విత్తనాల కాగులో కలపమని బాపు ప్రతి ఏడూ అవ్వకు ఒక డబ్బాడు పొడి ఇచ్చేవాడు. అవ్వ తల ఊపి అర్రలోకి తీసుకుపోయేది. తర్వాత ఆ కాగు మెడ మీద సున్నంతో మూడు బొట్లు పెట్టేది. మూడు బొట్లుంటే విషం కలిసిన విత్తనం, వంటకు తీయొద్దని అర్థం. మా ఇంట్లో నడక నేర్చిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు.

ఆ కాగుకు అవ్వ పెట్టిన కట్టడి ఇంకొకటి ఉంది. విత్తనాల కాగులోంచి వంటకని ఒక్క దోసెడు తీసినా, లోపల మిగిలింది ఇక విత్తనం కాదు. అది తిండి కిందే లెక్క, దాన్ని భూమిలో వేయకూడదు. ఎందుకని అడిగితే "గంతే" అనేది. వాళ్ళమ్మ కూడా ఆమెకు గంతే అని చెప్పి ఉంటుంది.

అరవై తొమ్మిది వచ్చింది. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. తెలంగాణ కావాలని మేమూ కాలేజీ గేటు ముందు నిలబడి గొంతు పోయేదాకా అరిచాం. కొన్నాళ్ళకు కాలేజీ మూసేశారు, తర్వాత హాస్టలూ మూసేశారు. ప్రాక్టికల్ పరీక్ష ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలియదు. మేడం నాకు ఒక స్పిరిటు దీపం, ఒక సీసాడు స్పిరిటు, జానెడు రాగి తీగ ఇచ్చి, "ఇంటి దగ్గర అభ్యాసం చేసుకో, పరీక్ష ఏ పూటైనా రావచ్చు" అంది. ఆ రాగి తీగతో నాకు వచ్చిన పొగరు అంతా ఇంతా కాదు.

రాగి తీగ పరీక్ష చాలా తేలిక. తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చాలి. మంటకు ఏ రంగూ రాకపోతే తీగ శుభ్రంగా ఉన్నట్టు. దాన్ని మనకు అనుమానం ఉన్న పదార్థానికి తాకించి మళ్ళీ మంటలో పెట్టాలి. ఆ పదార్థంలో క్లోరిన్ గానీ, బ్రోమిన్ గానీ, అయొడిన్ గానీ ఉంటే మంట ఆకుపచ్చగా మారుతుంది. వీటికే హాలోజన్లని పేరు. నేను ఇంట్లో కనపడిన ప్రతిదాన్నీ మంటలో పెట్టాను. బాపు పొడి పెట్టినప్పుడు మంట లేత అరిటాకు రంగుకు వచ్చింది. బాపు మురిసిపోయి, "సూడుండ్రి, నిప్పు గూడ భయపడ్డది" అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది జనగామ వైపు. ముహూర్తం పెట్టినప్పుడు బస్సులు నడుస్తున్నాయి. పెళ్ళి దగ్గరపడేసరికి బస్సులు ఆగిపోయాయి, మానుకోటలో దుకాణాలు మూతపడ్డాయి. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. మగపెళ్ళివాళ్ళు మాత్రం బండ్లు కట్టుకుని అయినా వస్తామని కబురు పంపారు. బాపు దేనికీ జంకలేదు. బియ్యం ఇంట్లో ఉన్నాయి, కందులు ఇంట్లో ఉన్నాయి, సొరకాయలు పందిరి మీద ఉన్నాయి. దుకాణాలతో మనకేం పని అన్నాడు.

పెళ్ళికి ఐదు రోజుల ముందు పసుపు దంచారు. పుట్టింటివాళ్ళను పిలవడానికి నాలుగు రోజుల ముందే బండి కట్టించుకుని చిట్యాల వైపు వెళ్ళిన అవ్వ ఆ రోజు సాయంత్రానికి గానీ రాలేదు. మేమంతా పసుపు రోలు దగ్గర ఉంటే ఇల్లు మా మేనత్త చేతిలో ఉంది. మేనత్త అంటే బాపు చెల్లెలు, పెళ్ళికని అత్తగారింటి నుంచి వచ్చింది, మూడు బొట్ల సంగతి ఆమెకు తెలియదు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. సామాన్ల అర్రకు సున్నం వేయిద్దామని కాగులన్నీ వసారాలోకి దొర్లించింది. గోడలకు వేయగా సున్నం మిగిలింది. పెళ్ళి ఇంట్లో కుండలు బోసిగా ఉండకూడదని నాలుగు కాగులకూ మెడ నుంచి అడుగు దాకా సున్నపు బొట్లు పెట్టి, మధ్యలో ఎర్రటి జాజు గీతలు గీసింది. చాలా అందంగా వచ్చాయి.

సాయంత్రం అవ్వ వచ్చి వసారాలో నిలబడింది. కాగుల వైపు చూసింది, మేనత్త వైపు చూసింది.

"నా కాగేది?" అని అడిగింది.

మేనత్త నాలుగింటి వైపూ చేయి చూపింది. "అన్ని నీయే గదా వదినె" అంది.

ఇల్లంతా ఒక్కసారి చల్లబడింది. మరునాడు పొద్దున కందులు వేయించి, విసురురాళ్ళలో పప్పు పట్టడానికి పదిమంది ఆడవాళ్ళు వస్తున్నారు. నాలుగింటిలో ఒక కాగు నిండా విషం, అది ఏదో తెలియదు. తప్పు కాగు తీస్తే పెళ్ళికి వచ్చినవాళ్ళంతా విస్తళ్ళ ముందే పడిపోతారని మేనత్త ఏడుపు మొదలుపెట్టింది. అవ్వ ఏడవలేదు. నాలుగు కాగుల్లోనూ చేయి పెట్టి, గింజలను వేళ్ళ మధ్య రుద్ది రుద్ది చూసింది. ఆమెకు విషం గురించి బెంగ ఉన్నట్టు కనిపించలేదు. ఆ సంగతి నాకు ఆరోజు వింతగా తోచలేదు. నాకు అప్పుడు తోచింది ఒక్కటే, నా రాగి తీగ.

"నేను చెప్తా" అన్నాను. నా జీవితంలో నేను ఎదురుచూసిన పరీక్ష అదే అనిపించింది.

మరునాడు తెల్లవారగానే వసారాలో పీట వేసుకుని కూర్చున్నాను. నాలుగు గాజు గ్లాసులు పెట్టి, ఒక్కొక్క కాగు నుంచి ఒక్కొక్క గుప్పెడు కందులు తీశాను. గ్లాసుల కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు పెట్టాను. పొడి నీళ్ళలో కరగదు, స్పిరిటులో కొంత కరుగుతుంది. కాబట్టి గింజల మీద కాస్త స్పిరిటు పోసి కడిగి, ఆ కడుగును ఇత్తడి పళ్ళెంలో ఆరబెట్టి, మిగిలిన మడ్డికి రాగి తీగ తాకించి మంటలో పెట్టాలి. పప్పు పట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు, బాపు, మేనత్త, పసుపు పూసుకున్న అక్క, అందరూ చుట్టూ నిలబడ్డారు.

ఒకటో కాగు ఆకుపచ్చగా వచ్చింది. రెండోది ఆకుపచ్చ. మూడోది ఆకుపచ్చ. నాలుగోది కూడా ఆకుపచ్చే.

మేనత్త ముందుకు జరిగి, "ఏది, నా ఏలు వెట్టి సూడు" అంది. తీగను శుభ్రంగా కాల్చి, చల్లారాక ఆమె వేలికి రుద్ది మంటలో పెట్టాను. ఆకుపచ్చ మెరిసింది. మా మేనత్త కూడా విషమేనని ఆ క్షణాన తేలింది. బాపు నమ్మేట్టే కనపడ్డాడు, ఆమె అయితే అక్కడే కూలబడింది.

అప్పుడు నాకు మేడం చెప్పి నేను వినని మాట గుర్తుకు వచ్చింది. చెమటలో ఉప్పు ఉంటుంది, ఉప్పులో క్లోరిన్ ఉంటుంది. నేను ప్రతిసారీ తీగ కొసను వేళ్ళతో తుడిచి మంటలో పెడుతున్నాను. ఆ ఎండాకాలం పొద్దున, ఇరవైమంది చూస్తుండగా, నా వేళ్ళకు చెమట పట్టక ఏం చేస్తుంది? సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. తర్వాత ఎనభైల్లో భూపాలపల్లిలో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినన్నాళ్ళూ, తీగను చేత్తో ముట్టినవాడిని నేను తరగతి బయట నిలబెట్టాను. ఎందుకంత కోపమో వాళ్ళకు ఎన్నడూ చెప్పలేదు.

పట్టకారు తెప్పించి, తీగను కాల్చి కాల్చి, ముట్టుకోకుండా మళ్ళీ మొదలుపెట్టాను. మేనత్తను దూరంగా కూర్చోబెట్టాను. ఒకటో కాగు ఆకుపచ్చ, బాగా చిక్కటి ఆకుపచ్చ. రెండోది ఆకుపచ్చ. మూడోది ఆకుపచ్చ. నాలుగోది పెట్టాను, ఏమీ రాలేదు. మళ్ళీ పెట్టాను, రాలేదు. మూడోసారీ మంట మంటలాగే ఉంది.

మాకు కావలసింది ఒక విషపు కాగు, మూడు మంచి కాగులు. వచ్చినవి మూడు విషపు కాగులు, ఒక మంచి కాగు. నా పరీక్ష తప్పని ఆడవాళ్ళు ఒకరి చెవులు ఒకరు కొరుక్కుంటున్నారు. నేను తప్పు కాదని గట్టిగా అరిచాను. చదువుకున్న పిల్లకు అంత నోరేమిటని ఎవరో అన్నారు.

అప్పుడు బాపు గొంతు సవరించుకున్నాడు. "తినేటి కాగులల్ల గూడ నేనే జర కలిపిన" అన్నాడు.

"ఎన్నడు?" అంది అవ్వ.

"పెండ్లి కుదరంగనె. పెండ్లినాడు పప్పుల పురుగొస్తె ఇజ్జత్ పోతదని. కడిగితె పోతది గదా అనుకున్న."

"నీళ్ళల్ల కరగదది బాపూ" అన్నాను. "పొట్టు తీసినా పోదు. నూనెల, నెయ్యిల కరుగుతది. తాలింపు వెడితె ఇంకింత మంచిగ కలుస్తది."

నేను బట్టీపట్టిన వాక్యం నా నోటి నుంచే వచ్చింది. దాని అర్థం నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ మా నెయ్యిలో, మా మిరపకాయల్లో, మా తలల్లో పోసుకున్నది ఏమిటో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. నాకు భయం వేసింది. బాపు మీద కోపం కూడా వచ్చింది. ఆయన మాత్రం రెండు అరచేతులూ తెరిచి చూసుకుంటూ నిలబడ్డాడు. పిల్లలకు మంచే చేస్తున్నాననుకున్న చేతులవి. ఆ చూపు చూశాక నా కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక నాలుగో కాగు సంగతి మిగిలింది. పొడి లేని కాగు మా ఇంట్లో ఎట్లా ఉంది? అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ నాలుగో కాగులోంచి ఒక గింజ తీసి, పైటచెంగుతో ఎర్రమన్ను తుడిచి, పంటితో కొరికింది.

"గిది నాదే" అంది.

"మరి నేనిచ్చిన మందు?" అన్నాడు బాపు.

"ఏటేట పెంటకుప్పల పోసిన. పానమున్నదాన్ల ఇసమెట్ల కలుపుత? ఉత్త ఎర్రమన్నుతోనె దాసిన."

"మరి మూడు బొట్లెందుకు వెట్టినవ్?"

"ఇసమనకుంటె మీరు ఉంచుతరా? ఎన్నడో తిందురు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో బాపు ముందర అవ్వ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. విషమని పేరు పెట్టి ఆమె కాపాడుకున్న కాగులోనే విషం లేదు. ఆ సంగతి ఇరవైమంది ముందు బయటపెట్టింది నేను, నా జానెడు తీగ.

తర్వాత ఏం జరగాలో అందరికీ తెలుసు. దుకాణాలు మూసి ఉన్నాయి. ఊర్లో అడుగుదామంటే ప్రతి ఇంటి కందుల్లోనూ బాపు పంచిన పొడే ఉంది. మేనత్త పెసర్ల కుండ తెచ్చింది. దాన్నీ మంటలో పెట్టాను, అదీ ఆకుపచ్చే. పప్పు లేని పెళ్ళి భోజనం మా వైపు ఎవరూ పెట్టలేదు, ఎవరూ తినలేదు. జనగామ వాళ్ళు అప్పటికి బండ్లకు ఎడ్లను చూసుకుంటూ ఉంటారు.

"ఒద్దు" అన్నాడు బాపు. "ఉత్త చారు పోద్దాం. అనేటోళ్ళు అంటరు."

ఇజ్జత్ కోసం కందులకు పొడి కలిపిన మనిషి ఆ మాట అన్నాడు. అవ్వ ఆయన వైపు చూసింది, తర్వాత అక్క వైపు చూసింది. అక్క మొహానికి పసుపు ఆరిపోయి పగుళ్ళు పడుతోంది, పాపం కదలకుండా నిలబడింది.

"నా బిడ్డ పెండ్లిల పప్పు లేదందురా?" అని అవ్వ చేట అందుకుంది. నాలుగో కాగులోకి వంగి, మొదటి చేటెడు తనే ముంచి, పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ ముందు పోసింది. ఆ పోసిన చప్పుడు అయ్యాక, "ఇగ అంత తీస్కోండ్రి. ఇత్తనం గాదది" అని అర్రలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కొంచెం దాచుకోమని చెప్పడానికి మేనత్త వెనకాలే వెళ్ళి, ఏమీ చెప్పకుండానే తిరిగి వచ్చింది. అవ్వ కట్టడి అవ్వకూ వర్తిస్తుంది.

పెళ్ళి జరిగింది. జనగామ వాళ్ళు దుమ్ముకొట్టుకుపోయి వచ్చారు, ఆకలి మీద తిన్నారు. ఒక్క కాగు కందులు అంతమందికి చాలవు కాబట్టి వంటాయన సొరకాయ ముక్కలు బాగా వేసి పల్చగా పప్పుచారు చేశాడు. అందులో పప్పు కోసం గరిటెతో వెతుక్కోవాల్సి వచ్చింది. అయినా మగపెళ్ళివారిలో ఒక పెద్దమనిషి, ఇంత కమ్మటి పప్పు ఈ మధ్య ఎక్కడా తినలేదు, ఏం కందులు అని అడిగాడు. బాపు తల వంచుకుని ఆయన విస్తట్లో ఇంకొంచెం పోశాడు. అవ్వ తను మాత్రం మజ్జిగతో తిన్నది.

అక్క జనగామ వైపు వెళ్ళిపోయింది. ఖాళీ కాగును అవ్వ కడిగి బోర్లించింది. ఆ తర్వాత కొన్ని రోజులు ఊర్లో వాళ్ళు కొంగుల్లో గింజలు మూట కట్టుకుని నా మంట దగ్గరికి వచ్చారు. ఆకుపచ్చ చూసి, "అబ్బ, ఎంత మంచిగున్నది" అని, ఆ గింజలే ఇంటికి తీసుకుపోయి వండుకున్నారు. నా శాస్త్రానికి ఊర్లో దక్కిన గౌరవం అంతవరకే.

మృగశిర చినుకులు పడ్డాయి. బాపు చేన్లో సమితి కందులు వేశాడు. అవ్వ మడి ఖాళీగా ఉంది. అందులో ఏం వేయాలని బాపు అడగలేదు, అవ్వ చెప్పలేదు. ఒక రోజు నేను వసారా గూట్లో పుస్తకాల కోసం వెతుకుతుంటే నా నాలుగు గాజు గ్లాసులు చీటీలతో సహా కనపడ్డాయి. పెళ్ళి హడావిడిలో ఎవరో ఎత్తి అక్కడ పెట్టారు. మూడింటిని పారేయడానికి పక్కకు పెట్టాను. నాలుగో గ్లాసును అవ్వ దగ్గరికి తీసుకుపోయాను.

"గివి నాలుగో కాగుయి" అన్నాను. "గని స్పిరిటు పోసి కడిగిన. మొలవయి కావచ్చు."

అవ్వ గ్లాసులోకి చూసింది. చాలాసేపు ఏదో లెక్క వేసుకుంది.

"గివి ఎన్నడు తీసినవ్?"

"పరీక్షప్పుడు. పొద్దుగాల."

"నేను చేట ముంచకముందా?"

"ముందే."

"కూరకు తీసినవా?"

"కాదవ్వా. పరీక్షకు."

అవ్వ కొంగు పట్టింది. "అయితె ఇత్తనమే" అంది.

నేను మొలవవని మరోసారి చెప్పాను. స్పిరిటు అంటే ఏమిటో వివరించబోయాను. ఆమె అప్పటికే గడప దాటి మడి వైపు నడుస్తోంది. ఒక్కొక్క గింజనే జానెడు జానెడు దూరంలో వేలితో గుచ్చి పెట్టింది. అన్నీ మొలవలేదు. మొలిచినవి పదిహేడు. అవి చూసిన రోజు అవ్వ నన్ను పిలిచి ఏమీ అనలేదు, ఆ సాయంత్రం నాకు మీగడ పెరుగు మాత్రం వేసింది. నా పరీక్షలో నేను సరిగ్గా చేసిన పని ఆ గ్లాసును పారేయకపోవడమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మొక్కలు మోకాలెత్తు పెరిగాక ఆకులకు పురుగు పడింది. ఒక పొద్దున నేను మడి గట్టు మీదకు వెళ్ళేసరికి బాపు అక్కడ ఉన్నాడు. పొడి మూట కోసం ఆయన చేతుల వైపు చూశాను. చేతుల్లో మూట లేదు. కొబ్బరిచిప్పలో నీళ్ళు పెట్టుకుని, మొక్క మొక్క దగ్గరా గొంతుకు కూర్చుని, ఆకు తిప్పి చూసి, పురుగును వేళ్ళతో ఏరి ఆ నీళ్ళలో వేస్తున్నాడు. పురుగులంటే ఆయనకు అసహ్యం. మొహం అటు తిప్పుకునే ఏరుతున్నాడు. కోత అయ్యేదాకా, ఆ తర్వాత మోళ్ళు చిగిరిస్తే వాటి దగ్గర కూడా, ప్రతి పొద్దునా అదే పని చేశాడు. ఊరివాళ్ళు నవ్వితే, ఆ మొక్కలకు మందు పడదని చెప్పాడు.

ఆ శీతాకాలం అవ్వ ఒక పిడత నిండా విత్తనం దాచింది. మూడు సున్నపు బొట్లు పెట్టింది. ఆ రోజే కాలేజీ తెరిచారని, ప్రాక్టికల్ పరీక్ష ఉందని కబురు వచ్చింది. మానుకోట స్టేషన్లో రైలెక్కేటప్పుడు బాపు కిటికీలోంచి చేయి పెట్టి నా తల నిమిరాడు. చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆ చేతి నుంచి పచ్చి కందాకు వాసన వచ్చింది. అది ఎవరి చెయ్యో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు ఆగలేదు. పరీక్ష భయం అనుకుని బాపు, "ఏం గాదు బిడ్డా, మంచిగ రాస్తవ్ పో" అన్నాడు.